ఏడేండ్ల నగరము

మహానగరముల చరిత్రను సాధారణముగా శతాబ్దములలో లెక్కింతురు. ఈ ప్రసంగములో మనము ముచ్చటించుకొనబోవు నగరముయొక్క ఆయువు ఏడేండ్లు మాత్రమే. అమెరికా సంయుక్త రాష్ట్రములలో, ఇల్లినాయ్ రాష్ట్రపు పశ్చిమపుటెల్లలో, మిస్సిసిపీ మహానది పెద్ద మలుపు తిరుగుచోట, 1839లో కొద్దిపాటి ఇండ్లు గల ఒక చిత్తడినేల ఉండెను. 1845 నాటికి అచ్చట పదునొకండువేలమందికి పైగా కాపురముండిరి. ఆనాటి చికాగో నగరము సైతము జనసంఖ్యలో దీనికంటె ఎంతో పైమెట్టున లేదు. 1846వ సంవత్సరము ముగియకమునుపే ఆ వీధులు నిర్మానుష్యములయ్యెను. కరవుగాని, వరదగాని, భూకంపముగాని ఆ నగరమును ఖాళీ చేయలేదు, మనుష్యులే చేయించిరి. ఆ నగరము పేరు నావూ. దానిని నిర్మించినవారు మార్మన్లు.

ఈ మార్మన్లు ఎవరో మొదట తెలిసికొనవలెను. 1805లో వర్మాంటు రాష్ట్రమున ఒక పేద రైతుకుటుంబములో జన్మించిన జోసెఫ్ స్మిత్ అనునతడు, దేవదూత తనకు దర్శనమిచ్చి బంగారు రేకులపై లిఖింపబడిన ప్రాచీన గ్రంథము నొకదానిని చూపెనని చెప్పెను. దైవానుగ్రహముచే ఆ రేకులనుండి అనువదించితినని అతడు చెప్పిన ‘మార్మను గ్రంథము’ 1830లో న్యూయార్కు రాష్ట్రమున అచ్చయ్యెను. ఆ సంవత్సరమే ఏప్రిలు 6వ తేదీన అతడు ఒక క్రైస్తవ సంఘమును స్థాపించెను. అనుచరులు తమ్ము ‘సెయింట్లు’, అనగా పవిత్రులు, అని చెప్పుకొనిరి. లోకులు వారిని మార్మన్లనిరి.

వారి విశ్వాసములలో ఒకటి మన కథకు మూలము. భక్తులందరును ఎక్కడివా రక్కడ ఉండక, ఒక్కచోటికి వచ్చి, ఒక్క పట్టణముగా జీవింపవలెనని స్మిత్ బోధించెను. ఇది వినుటకు నిరపాయమైన బోధయే. కాని పల్లెలు ఇప్పుడిప్పుడే వెలయుచున్న సరిహద్దు ప్రాంతములో, ఒక్క నాయకుని మాటపై నడచు వేలకొలది జనము కొలది యేండ్లలో వచ్చి దిగినచో, ఆ ప్రాంతపు భూములు వారివగును, వర్తకము వారిదగును, ఎన్నికలలో వారు ఎవరికి ఓటు వేసిన వారిదే గెలుపగును. పూర్వమునుండి ఉన్నవారికి ఇది కంటగింపయ్యెను. మార్మన్లు ఎచ్చటికి పోయినను ఈ చిక్కు వారి వెంటనే పోయినది.

1831లో వారు మిస్సౌరి రాష్ట్రపు జాక్సన్ కౌంటీలో స్థిరపడ మొదలిడిరి. మిస్సౌరి బానిసల నుంచుకొనుటకు చట్టము అంగీకరించిన రాష్ట్రము. ఉత్తరమునుండి వచ్చిన ఈ క్రొత్తవారిపై అచ్చటివారికి అనుమానము హెచ్చు. 1833 జూలైలో ఒక గుంపు మార్మన్ల అచ్చుకూటముపై బడి ముద్రణయంత్రమును ధ్వంసము చేసెను. ఆ సంవత్సరాంతమునకు ముందే వారిని కౌంటీ దాటించిరి. వారు ఉత్తరమునకు పోయి ‘ఫార్ వెస్ట్’ అను మరియొక ఊరు కట్టుకొనిరి. 1838లో అచ్చటను కలహము రేగెను. ఈసారి మార్మన్లును ఆయుధము పట్టిరి. వారును పొరుగువారి ఇండ్లు తగులబెట్టిరి. అక్టోబరు 27న గవర్నరు లిల్‌బర్న్ బాగ్స్ ఒక ఆజ్ఞ జారీచేసెను: మార్మన్లను శత్రువులుగా భావించి నిర్మూలింపవలెను, లేదా రాష్ట్రమునుండి వెడలగొట్టవలెను. మూడు దినముల పిదప హాన్ మిల్లు అను చోట పదునేడుగురు మార్మన్లు హతులైరి. హతులలో పదేండ్ల బాలుడొకడు కలడు.

ఆ శీతకాలమున వేలకొలది కుటుంబములు నది దాటి ఇల్లినాయ్ చేరెను. క్విన్సీ అను చిన్న పట్టణపు ప్రజలు వారికి తలదాచుకొన చోటిచ్చి, అన్నవస్త్రములిచ్చి ఆదరించిరి. ఈ సంగతి మనము మరువరాదు. తరువాత జరిగిన దుర్ఘటనలన్నియు జరిగిన రాష్ట్రమునందే ఈ పుణ్యకార్యమును జరిగెను. ఆ శీతకాలమంతయు మిస్సౌరి చెరసాలలో గడపిన స్మిత్ 1839 ఏప్రిలులో తప్పించుకొని వచ్చెను. తమకు కలిగిన నష్టమును పూరింపుడని మార్మన్లు కేంద్ర ప్రభుత్వమునకు అర్జీలు పెట్టుకొనిరి. స్మిత్ స్వయముగా వాషింగ్టను పోయి అధ్యక్షుడు వాన్ బ్యూరెనును దర్శించెను. ఇది రాష్ట్రమునకు సంబంధించిన వ్యవహారము, మేము జోక్యము చేసికొనజాలమన్న సమాధానమే లభించెను.

ఇచ్చట మనము ఒక్క క్షణము ఆగవలెను. ఇల్లు, పొలము, అచ్చుకూటము పోగొట్టుకొనిన ఈ ప్రజలు నేర్చుకొనిన పాఠ మేమి? చట్టము ఇతరుల చేతిలో నున్నంతకాలము మాకు రక్షణ లేదు. న్యాయస్థానము మాది కావలెను, సేన మాది కావలెను, పట్టణము మాది కావలెను అని వారు నిశ్చయించుకొనిరి. ఆ నిశ్చయమునుండియే నావూ పుట్టెను. ఆ నిశ్చయమువలననే నశించెను.

1839లో వారు ఐజాక్ గాలండు, హోరేస్ హాచ్కిస్ మొదలగు భూవర్తకులయొద్ద అప్పుపై నేల కొనిరి. అప్పటికి ఆ ఊరి పేరు కామర్సు. స్మిత్ దానికి ‘నావూ’ అని పేరు పెట్టెను. అది హీబ్రూ పదము. సుందరమైనది అని భావము. పేరు సుందరమే గాని నేల మాత్రము బురద. నదియొడ్డునంతయు నీరు నిలిచి, దోమలు ముసరి, చలిజ్వరము ప్రబలెను. ఆ వేసవిలో జ్వరపీడితులు గుడారములలోను, చెట్ల క్రిందను పడియుండిరి. జ్వరము చెడుగాలివలన వచ్చునని ఆనాటివారి నమ్మకము. దోమకును ఈ జ్వరమునకును గల సంబంధము బయల్పడుటకు ఇంకను అర్ధశతాబ్దమునకు మించి పట్టెను. 1897లో మన సికింద్రాబాదునందే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. నావూ ప్రజలు కారణ మెరుగకయే కాలువలు త్రవ్వి, నీరు మళ్లించి, నేల ఆరబెట్టిరి. చాలమంది బ్రతికినది ఆ కాలువలవలననే. చావగా మిగిలినవారు ఇండ్లు కట్టిరి.

పట్టణమునకు ప్రాణము పోసినది మాత్రము ఒక కాగితము. 1840 డిసెంబరులో ఇల్లినాయ్ శాసనసభ నావూ పట్టణమునకు ‘చార్టరు’ అనబడు అధికారపత్రము నిచ్చెను. ఆ రాష్ట్రములో అప్పుడు రెండు రాజకీయ పక్షములు సమబలముతో పోరాడుచుండెను. క్రొత్తగా వచ్చిన వేలకొలది ఓటర్లను దూరము చేసికొనుటకు ఏ పక్షమునకును మనస్కరింపలేదు. అనుకూలముగా ఓటు వేసిన సభ్యులలో అబ్రహాం లింకను ఒకడు. ఆ చార్టరులోని నిబంధనలు అనేకము ఇతర పట్టణముల చార్టరులలోను ఉన్నవే. విశేషమేమన, అన్నియు ఒక్క పట్టణమునకే చేరినవి: సొంత పౌరసేన, విశ్వవిద్యాలయము స్థాపించుకొను అధికారము, అక్రమముగా నిర్బంధింపబడినవానిని విడిపించు ‘హెబియస్ కార్పస్’ ఆజ్ఞలు జారీచేయగల పురపాలక న్యాయస్థానము. మిస్సౌరి చెరసాలను చవిచూచిన స్మితునకు ఈ చివరి అధికారము కోటగోడవలె తోచెను.

ఆ గోడ చాటున పట్టణము వేగముగా పెరిగెను. సంఘపు పెద్దలు ఇంగ్లండు పోయి, మిల్లు కూలీలనడుమను, కుండలు చేయువారినడుమను ప్రచారము చేసిరి. 1840 మొదలు 1846 వరకు నాలుగువేలమందికి పైగా బ్రిటిషు ప్రజలు లివర్‌పూలులో ఓడ ఎక్కి, న్యూ ఆర్లియన్సులో దిగి, ఆవిరిపడవలలో నదికి ఎదురుగా ప్రయాణించి నావూ చేరిరి. వీధులు చదరముగా తీర్చబడెను. ఒక్కొక్క ఇంటికి ఎకరము స్థలము. ఇంటి వెనుక కూరగాయల తోట, పండ్లచెట్లు, ఆవు. మొదట కలపదుంగల ఇండ్లు, పిదప చెక్క ఇండ్లు, ఆ పిదప ఎర్రని ఇటుక మేడలు లేచెను. పత్రికలు వెలువడెను. 1842 మార్చిలో స్త్రీలు, స్మిత్ భార్య ఎమ్మా అధ్యక్షురాలుగా, బీదల సహాయార్థము ‘రిలీఫ్ సొసైటీ’ అను సంఘమును స్థాపించుకొనిరి.

అన్నిటికంటె ఎత్తుగా కొండచరియపై దేవాలయము లేచెను. 1841 ఏప్రిలు 6న దానికి మూలశిలలు వేసిరి. పొడవు 128 అడుగులు, వెడల్పు 88 అడుగులు. అంతయు తెల్లని సున్నపురాయి. స్తంభములపై సూర్యముఖములు చెక్కిరి. కలప విస్కాన్సిన్ అడవులనుండి నదిపై తేలివచ్చెడిది. ధనము లేనివారు పదిదినముల కొకదినము కూలి లేకుండ పనిచేసిరి. స్త్రీలు వారమునకొక సెంటు చొప్పున కూడబెట్టి మేకులకును, గాజుపలకలకును ఇచ్చిరి. ఈ విధముగా ఆ కట్టడములో ప్రతి ఇంటికిని కొంత పాలు కలదు.

ఇంత వెలుగుననే నీడయు పెరుగుచుండెను. స్మిత్ ఆ ప్రజలకు ప్రవక్త. 1842నుండి పట్టణపు మేయరు. కనుక పురపాలక న్యాయస్థానమునకును అతడే ముఖ్యుడు. పౌరసేనకు లెఫ్టినెంటు జనరలు. సంఘపు ఆస్తులకు ధర్మకర్త. ఇన్ని టోపీలు ఒక్క తలపై నుండుట పొరుగువారిని కలవరపరచెను. మిస్సౌరి అధికారులు స్మితును పట్టుకొనుటకు వారెంట్లు పంపినపుడు నావూ న్యాయస్థానము హెబియస్ కార్పస్ ఆజ్ఞతో అతనిని విడిపించెను. మిస్సౌరికి మరల చిక్కినచో ప్రాణము దక్కదన్న స్మిత్ భయము నిరాధారము కాదు. కాని పొరుగు గ్రామములవారు దానిని వేరొక విధముగా చూచిరి: ఈ పట్టణమునకు రాష్ట్రచట్టము వర్తింపదా? ఈ సేన ఎవరిపై నడచుటకు? సమీపమున వార్సా గ్రామమునుండి పత్రిక నడపు థామస్ షార్ప్ ఈ ప్రశ్నలకు ప్రతివారము నిప్పు రాజేయుచుండెను. మార్మన్ల ఓట్లు ఒకసారి ఒక పక్షమునకు, మరియొకసారి వేరొక పక్షమునకు పోవుటచే రాజకీయపక్షములు రెండును వారికి దూరమయ్యెను.

దీనికి తోడు ఇంటిలోపలి రహస్యము. స్మిత్ అంతరంగికులకు బహుభార్యాత్వమును బోధించుచుండెను, తాను ఆచరించుచుండెను, బహిరంగముగా మాత్రము కాదనుచుండెను. ఎమ్మాకు ఇది తీరని వేదన అయ్యెను. సంఘము ఈ ఆచారమును లోకమునకు వెల్లడించినది 1852లో. విడిచినట్లు ప్రకటించినది 1890లో. కాని నావూలోనే ఇది అనేకుల మనస్సు విరిచెను. అట్టివారిలో స్మితునకు కుడిభుజముగా నుండిన విలియం లా ఒకడు.

1844లో స్మిత్ దేశాధ్యక్షపదవికి అభ్యర్థిగా నిలిచెను. ప్రభుత్వ భూములు అమ్మగా వచ్చిన ధనముతో బానిసలను విడిపింపవలెనన్నది అతని ప్రణాళికలో నొక అంశము. అదే సంవత్సరము జూను 7న విలియం లా, అతని మిత్రులు ‘నావూ ఎక్స్‌పాజిటర్’ అను పత్రికను వెలువరించిరి. అందులో బహుభార్యాత్వమును బయటపెట్టిరి. మతాధికారమును, రాజ్యాధికారమును ఒక్కచేత నుండరాదనిరి. ఆ పత్రికకు మొదటి సంచికయే చివరి సంచిక. పురపాలక సభ రెండుమార్లు సమావేశమై, ఆ పత్రిక ప్రజాబాధకమని తీర్మానించెను. జూను 10 సాయంకాలము మేయరు ఆజ్ఞపై పట్టణాధికారులు ముద్రణయంత్రమును పగులగొట్టి, అచ్చు అక్షరములను వీధిలో వెదజల్లి, కాగితములను కాల్చిరి.

పదునొకం డేండ్ల క్రిందట మిస్సౌరిలో ఎవరి అచ్చుకూటమును గుంపులు పగులగొట్టెనో, వారే ఈనాడు మరియొకరి అచ్చుకూటమును పగులగొట్టిరి. అప్పుడు పగులగొట్టినది గుంపు. ఇప్పుడు పగులగొట్టినది తీర్మానము చేసిన సభ. భేద మంతే. నావూ పతనమునకు ముహూర్తము ఆ సాయంకాలమే అని మా అభిప్రాయము.

చుట్టుపట్ల గ్రామములు అట్టుడికినట్లుడికెను. స్మిత్ నావూలో సైనికశాసనము ప్రకటించెను. గవర్నరు థామస్ ఫోర్డు రంగములోనికి దిగి, కార్తేజి అను కౌంటీ ముఖ్యపట్టణమునకు వచ్చి విచారణకు లోబడవలసినదని, రక్షణకు తాను పూచీ యనియు స్మితునకు తెలిపెను. స్మిత్ ఒక రాత్రి నది దాటి పోయెను. కాని తనవారి మాటపై మరలివచ్చి జూను 25న లొంగిపోయెను. జూను 27 సాయంకాలము, గవర్నరు నావూలో ప్రజలకు హితబోధ చేయుచున్న సమయముననే, ముఖములకు మసి పూసికొనిన నూరుమందికి పైగా సాయుధులు కార్తేజి చెరసాలపై బడిరి. స్మిత్ అన్న హైరం అచ్చటికచ్చటనే కూలెను. జోసెఫ్ తనకు రహస్యముగా అందిన పిస్తోలుతో కొన్ని గుండ్లు కాల్చి, కిటికీనుండి క్రింద పడి మరణించెను. అతని వయస్సు 38. మరుసటి సంవత్సరము ఈ హత్యకు ఐదుగురిపై విచారణ జరిగెను. ఐదుగురును నిర్దోషులని జూరీ తీర్పు చెప్పెను.

తప్పు చేసిన మేయరును విచారించుటకు చట్టము కలదు. ఆ విచారణ ప్రారంభమును అయ్యెను. దానిని సాగనీయక చంపినవారు చట్టమును కాపాడితిమని చెప్పుకొనిరి. ఒక పత్రికను నోరు మూయించిన అపరాధమునకు ఒక పట్టణమంతయు శిక్ష అనుభవింపవలసి వచ్చెను.

నాయకుడు చచ్చిన సంఘము చెదరిపోవునని పొరుగువారి యాశ. కాని 1844 ఆగస్టు 8న జరిగిన సభలో అధికసంఖ్యాకులు వడ్రంగి వృత్తినుండి వచ్చిన బ్రిగం యంగు నాయకత్వమును అంగీకరించిరి. 1845 జనవరిలో శాసనసభ చార్టరును రద్దుచేసెను. కోటగోడ ఒక్క ఓటింగుతో కూలెను. ఆ శరత్కాలమున పొలిమేర పల్లెలలో మార్మన్ల ఇండ్లు, పంటకుప్పలు తగులబడజొచ్చెను. వసంతమునకు ఊరు విడిచి పోయెదమని యంగు మాట యిచ్చెను.

ఆ శీతకాలము నావూ అంతయు ఒక బండ్ల కార్ఖానా అయ్యెను. ముందుగదులలో చక్రములు చేసిరి. కొలిమి ఏ రాత్రియు ఆరలేదు. ఎకరము స్థలము, ఇటుకమేడ, పండ్లతోట అన్నియు కలిపి ఒక బండికిని, రెండెడ్లకును మార్చుకొనినవారు కలరు. ఇదంతయు జరుగుచుండగనే దేవాలయపు పనియు ఆగలేదు. విడిచిపోవలసిన ఆలయమును వారు పూర్తిచేసిరి. 1845 డిసెంబరునుండి ఫిబ్రవరి వరకు సుమారు ఐదువేలమంది అందులో తమ మతకర్మలు నెరవేర్చుకొనిరి.

1846 ఫిబ్రవరి 4న మొదటి బండ్లు బల్లకట్లపై నది దాటెను. కొలదిదినములకు మిస్సిసిపీ గడ్డకట్టగా బండ్లు మంచుపైననే నడచెను. వసంతమునకు వేలకొలది జనము ఆవలియొడ్డున అయోవా బురదలో ఉండిరి. వెనుక మిగిలినవారు బండి కొనలేని బీదలు, రోగులు, వృద్ధులు. సెప్టెంబరులో సాయుధులైన గుంపులు ఫిరంగులతో వచ్చి పట్టణమును ముట్టడించెను. మార్మన్ల ఇండ్లు కొనుక్కొని క్రొత్తగా వచ్చిన పరమతస్థులు కొందరు వారి పక్షమున నిలిచి పోరాడిరి. కొలదిదినములలోనే మిగిలినవారును నది దాటింపబడిరి. పెద్దల విధానమునకు, పొరుగువారి భయమునకు ఎవరు బాధ్యులైనను, చివరి మూల్యము చెల్లించినది వీరే. ఆ తరుణమున అచ్చటికి వచ్చిన థామస్ కేన్ అను ఫిలడెల్ఫియా యువకుడు, ఖాళీ నగరమును చూచి, నదికావల వారి దుఃస్థితిని చూచి, 1850లో ఒక ఉపన్యాసమున లోకమునకు తెలిపెను.

యంగు నడపిన మొదటి జట్టు 1847 జూలైలో సాల్ట్ లేక్ లోయ చేరెను. అచ్చటను పూర్వభయము వారిని వీడలేదు. 1857 సెప్టెంబరులో మౌంటెన్ మెడోస్ అను చోట మార్మను పౌరసేనవారు, ఆ మార్గమున పోవు బాటసారులను సుమారు 120 మందిని, స్త్రీలనక బాలురనక వధించిరి. హింసకు గురియైనవాడు హింసింపడని నమ్మకము లేదని ఈ ఘోరము తెలుపుచున్నది.

నావూ ఏమయ్యెను? 1848 అక్టోబరులో ఎవరో దేవాలయమునకు నిప్పు పెట్టిరి. మరుసటి సంవత్సరము ఎతియెన్ కబే అను ఫ్రెంచి సమష్టివాదియు, ఐకేరియన్లను అతని అనుచరులును వచ్చి ఊరిలో కాపురము పెట్టిరి. శిథిలమైన ఆలయమును బాగుచేయబూనగా 1850 మేలో సుడిగాలి వచ్చి గోడలు పడగొట్టెను. ఆ రాళ్లు ఇతరుల ఇండ్లకు పునాదులయ్యెను. వారును తమలో తాము కలహించుకొని చెదరిపోయిరి. ఎమ్మా స్మిత్ మాత్రము పడమటికి పోలేదు. భర్త సమాధి యున్న ఆ నదియొడ్డుననే మిగిలిన జీవితము గడపి 1879లో మరణించెను.

1976లో మిస్సౌరి గవర్నరు నిర్మూలనాజ్ఞను రద్దుచేసి విచారము వెలిబుచ్చెను. 2002లో మార్మన్లు పూర్వపుచోటనే దేవాలయమును పూర్వరూపముననే మరల కట్టిరి. 2004లో ఇల్లినాయ్ శాసనసభలోని ప్రతినిధులు తమ పూర్వుల చర్యకు పశ్చాత్తాపము తెలుపుచు తీర్మానించిరి. నావూ నేడు సుమారు వేయిమంది జనము గల చిన్న ఊరు.

నావూవారికి కావలసినది రక్షణ, కోరిక న్యాయమైనది. కాని తమకు మాత్రమే రక్షణ నిచ్చు చట్టము పొరుగువానికి భయహేతు వగును. తమలోని అసమ్మతివాదికి కూడ రక్షణ నీయని చట్టము తుదకు తమ్మును రక్షింపజాలదు. వారిని వెడలగొట్టిన పొరుగువారును ఈ సత్యమునే ఎరుగరైరి. ఇరుపక్షములవారికిని ఒక్కటే నీడ నిచ్చు చెట్టు నొకదానిని ఆ ఏడేండ్లలో ఎవరును నాటలేదు. నగరమును కట్టుటకు ఏడేండ్లు చాలెను. పొరుగువాని భయము పోగొట్టుటకు మాత్రము ఆ కాలము చాలలేదు.